మిల్లులో పనిచేస్తూనే ఇంకో ఉద్యోగం వెతుక్కున్న ఆరు నెలలు

మిల్లు ఆఫీసులో నా టేబుల్‌కీ మా యజమాని సార్ కుర్చీకీ మధ్య దూరం నాలుగడుగులు. మధ్యలో అద్దం లేదు, తలుపు లేదు. నా ఫోన్ మోగితే నాకంటే ముందు ఆయన తల ఎత్తుతారు. పగటిపూట నా ఫోన్‌కి వచ్చేవన్నీ మిల్లు ఫోన్లే కదా: లారీ ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు, బ్యాంకు వాళ్లు, ఆడిటర్ గారి ఆఫీసు, పత్తి డబ్బులు ఎప్పుడిస్తారని అడిగే ఆసాములు. "ఎవరమ్మా?" అంటారు సార్. నేను చెప్తాను. తొమ్మిదేళ్లుగా అలవాటైన మాట అది. అలాంటి చోట కూర్చుని ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలని 2024 జూలైలో నిర్ణయించుకున్నాను.

మాది వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్ దాటాక ఉన్న ఒక జిన్నింగ్ మిల్లు, అంటే పత్తి నుంచి గింజ వేరు చేసి దూది బేళ్లు కట్టే చోటు. 2016 జనవరిలో అకౌంట్స్ చూడటానికి చేరాను. అంతకుముందు హనుమకొండలో ఒక ఆడిటర్ గారి దగ్గర నాలుగేళ్లు పని నేర్చుకున్నాను. మిల్లులో చేరిన ఏడాదిన్నరకు, 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. ఆ రోజుల్లో సార్‌కీ నాకూ ఇద్దరికీ ఏమీ తెలియదు. రాత్రి తొమ్మిది దాకా ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చుని, సైటు తెరుచుకోక, తెరుచుకున్నా లెక్క కుదరక తంటాలు పడేవాళ్లం. సార్ వాళ్లింటి నుంచి టిఫిన్ బాక్స్ వచ్చేది, అందులో సగం నాకు పెట్టేవారు. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, వదిలి వెళ్లాలనుకున్న చోటు చెడ్డదైతే దాపరికం సులువు. మంచిదైతే చాలా కష్టం. నాకు ఎదురైన కష్టం అదే.

మరి ఎందుకు వెళ్లాలనుకున్నాను? లెక్క వేసుకున్నాను కాబట్టి. మా మిల్లు రిజిస్టర్‌లో ఉన్నది పదకొండు మందిమి. హమాలీలు, సీజన్ కూలీలు మేస్త్రీ కింద వస్తారు. పీఎఫ్ లేదు. నా జీతం 26,000. అందులో 16,000 బ్యాంకులో పడేది, 10,000 చేతికిచ్చేవారు. ఒక ఆదివారం ఇంట్లో కూర్చుని కాగితం మీద వేసి చూశాను. పీఎఫ్‌కి జీతం పరిమితి 15,000 అనుకున్నా 12 శాతం అంటే నావి 1,800, యజమానివి 1,800. నెలకు 3,600. ఆ ఏడాది చివరికి తొమ్మిదేళ్లు, అంటే 108 నెలలు. వడ్డీ లేకుండానే 3,88,800. అందులో కొంత పెన్షన్ ఖాతాకు పోతుంది, అదీ నాదే. ఆ అంకె కింద రెండు గీతలు గీసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఇంకొకరి మిల్లు లెక్కలు పైసలతో సహా సరిచూసే మనిషిని, నా లెక్క ఇన్నేళ్లు చూసుకోలేదు.

సార్‌ని రెండుసార్లు అడిగాను. "చూద్దామమ్మా, ఈ సీజన్ పోనీ" అన్నారు. రెండు సీజన్లు పోయాయి.

వెతకడం మొదలుపెట్టాక మొదట ఫోన్ సంగతి చూసుకోవాల్సి వచ్చింది. నౌక్రీ అనే ఉద్యోగాల సైటులో ప్రొఫైల్ పెట్టిన మూడో రోజే మధ్యాహ్నం పన్నెండింటికి ఫోన్. టేబుల్ మీద వెల్లకిలా పెట్టి ఉంది. ట్రూకాలర్ పుణ్యమా అని స్క్రీన్ మీద పెద్ద అక్షరాలతో 'జాబ్ కన్సల్టెన్సీ' అని పడింది. సార్ అప్పుడు కాంటా చీటీలు చూస్తున్నారు. ఆయన తల ఎత్తేలోపు చేయి అడ్డం పెట్టి కట్ చేశాను. గుండె దడ తగ్గడానికి పావుగంట పట్టింది. ఆ సాయంత్రమే ఇంట్లో మూలన పడి ఉన్న పాత ఫోన్‌లో కొత్త సిమ్ వేసి, ప్రొఫైల్‌లో ఆ నంబర్ పెట్టాను. అది మిల్లులో ఉన్నంతసేపు బ్యాగులో, సౌండ్ లేకుండా. కన్సల్టెన్సీ వాళ్లకి ఒకటే మాట చెప్పాను: పొద్దున ఎనిమిదిన్నర లోపు, లేదా రాత్రి ఏడున్నర తర్వాత. మధ్యలో అయితే వాట్సాప్‌లో రాసి పెట్టండి, నేనే చేస్తాను. అలా చెప్తే అవకాశాలు పోతాయేమో అని మొదట భయపడ్డాను. ఒక్కరు కూడా తప్పుగా అనుకోలేదు. "ఇప్పుడు పనిచేస్తున్నారు కదా మేడం, అర్థమైంది" అన్నారు, అంతే.

నౌక్రీలో మన వివరాలు ఏ కంపెనీకి కనపడకూడదో పేరు ఎంచుకుని ఆపే వీలుంది. మా మిల్లు అక్కడ లేనే లేదు. కానీ మా మిల్లు ఆడిట్ చేసే ఆఫీసు వాళ్లు అక్కడే మనుషులను వెతుక్కుంటారని గుర్తొచ్చి ముందు ఆ పేరు ఆపేశాను. మన ఊళ్లో భయపడాల్సింది ఇలాంటి పక్కదారుల గురించే. వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడూ కలిసి పెద్ద ఊరే, కానీ పత్తి, మిర్చి వ్యాపారం వాళ్లంతా ఒకరికొకరు తెలుసు. అందుకే రెజ్యూమెలో మిల్లు పేరు కూడా రాయలేదు. 'వరంగల్‌లోని జిన్నింగ్ మిల్లు, 2016 నుంచి' అని మాత్రం రాసి, ఇంటర్వ్యూకి పిలిచాక నోటితో చెప్పేదాన్ని. మిల్లు కంప్యూటర్‌లో నా సొంత మెయిల్ ఒక్కసారి కూడా తెరవలేదు, అక్కడి ప్రింటర్ మీద నా కాగితం ఒక్కటి కూడా తీయలేదు. ప్రింట్లు కాకతీయ యూనివర్సిటీ దగ్గర, కేయూ క్రాస్‌లో తీయించుకున్నాను. అక్కడ ఎప్పుడూ స్టూడెంట్స్ రద్దీయే, మిల్లు మనుషులు రారు. ఇంట్లో మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అత్తమ్మ మంచిదే, కానీ సాయంత్రం అరుగు మీద కూర్చుంటే మనసులో మాట దాచుకోలేదు. బాబుకి ఎనిమిదేళ్లు, వాడి సంగతి చెప్పక్కర్లేదు.

సెలవు ఎప్పుడు పెట్టాలన్నది ఇంకో చిక్కు. అకౌంట్స్ పనిలో నెలంతా తేదీలతోనే నడుస్తుంది. 7లోపు టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే కోసుకున్న పన్ను) కట్టాలి, 11లోపు జీఎస్టీఆర్-1 అనే అమ్మకాల రిటర్ను, 14న మనకు అమ్మినవాళ్లు చూపిన బిల్లుల పట్టిక 2బి వస్తుంది, దాన్ని కొనుగోళ్లతో సరిచూసి 20లోపు 3బి అనే పన్ను కట్టే రిటర్ను వేయాలి. కాబట్టి నాకు దొరికేవి 12, 13 తేదీలు, లేదంటే 21 తర్వాత రోజులు. ఎవరు ఏ తేదీ అడిగినా ఈ రోజుల్లోనే సర్దమని బతిమాలాను. నా ఇంటర్వ్యూ కోసం మిల్లుకు లేటు ఫీజు పడకూడదని గట్టిగా అనుకున్నాను, ఆ ఆరు నెలల్లో ఒక్క రూపాయి కూడా పడలేదు.

మొదటి ఇంటర్వ్యూ కరీంనగర్‌లో, జూలై నెలాఖరున, ఒక విత్తనాల కంపెనీలో. పది నిమిషాలు బాగానే జరిగింది. మిల్లు పేరు అడిగారు, చెప్పాను. మేనేజర్ మొహం వెలిగిపోయింది. "ఓ, ఆయనా! నాకు బాగా తెలుసమ్మా. ఇప్పుడే ఫోన్ చేసి నీ గురించి అడుగుతా" అని ఫోన్ చేతిలోకి తీసుకున్నారు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "సార్, దయచేసి చేయకండి. నేను వచ్చినట్టు వాళ్లకి తెలియదు." ఆయన ఫోన్ కింద పెట్టారు కానీ ఆ తర్వాత మాట ముందుకు సాగలేదు. తిరుగు బస్సులో హుజూరాబాద్ దాటేదాకా నా చేతులు చల్లగానే ఉన్నాయి. ఆ రోజు నుంచి ఎవరు ఇంటర్వ్యూకి పిలిచినా ముందే అడిగేదాన్ని: "ప్రస్తుతం పనిచేస్తున్న చోట ఆఫర్ లెటర్ ఇచ్చేదాకా విచారించవద్దు. అప్పటిదాకా నా పాత ఆడిటర్ గారిని అడగండి, సరేనా?" ఆడిటర్ గారికి కూడా ముందే ఫోన్ చేసి సంగతంతా చెప్పి పెట్టాను. "నీ గురించి చెప్పడానికి నాకేం ఇబ్బంది" అన్నారాయన.

రెండోది హైదరాబాద్‌లో, ఆగస్టు 22, గురువారం. దీని గురించి రాయడం నాకు కష్టం, కానీ ఇది రాయకపోతే మిగతాది రాసి లాభం లేదు.

ముందు రోజు సాయంత్రం సార్‌ని సెలవు అడిగాను. ఎందుకమ్మా అని ఆయన మామూలుగానే అడిగారు. నేను సిద్ధంగా లేను. "అత్తమ్మకు మోకాలు నొప్పి ఎక్కువైంది సార్, డాక్టర్‌కి చూపించాలి" అనేశాను. మోకాలు నొప్పి ఉన్నమాట నిజమే, డాక్టర్ దగ్గరికి వెళ్తున్నది మాత్రం అబద్ధం. సరే అన్నారు.

హనుమకొండ బస్టాండ్‌లో ఎక్కితే తెలిసినవాళ్లు కనపడతారని మా ఆయన బండి మీద కాజీపేట చౌరస్తాలో దింపాడు. ఎక్స్‌ప్రెస్ బస్సు, ఆధార్ చూపిస్తే జీరో టికెట్. జనగామ, ఆలేరు, భువనగిరి దాటి ఉప్పల్‌లో దిగేసరికి పది దాటింది. మెట్రో స్టేషన్ కింద నిలబడి ఆటో కోసం చూస్తుండగా ఫోన్ మోగింది. మిల్లు ఫోన్. సార్.

"ఎక్కడున్నవమ్మా? ఏ హాస్పిటల్?"

నా నోట మాట రాలేదు. నక్కలగుట్ట అన్నాను. నెత్తి మీద మెట్రో వెళ్తోంది, ఆ చప్పుడు ఆయనకు వినపడుతుందేమోనని ఫోన్‌ని చెంపకు ఇంకా గట్టిగా అదుముకున్నాను.

"నక్కలగుట్టనా? అక్కడ ఎముకల డాక్టర్ మనోడే. చిన్నప్పటి నుంచి దోస్తు. నేను ఫోన్ చేసి చెప్తా, మిమ్మల్ని లైన్ల కూసోబెట్టకుండ చూస్తడు. పెద్దామెను ఎంతసేపు కూసోబెడ్తవ్?"

"వద్దు సార్, అయిపోవచ్చింది, వెళ్లిపోతున్నాం" అన్నాను. ఫోన్ పెట్టేశాక అక్కడే మెట్రో పిల్లర్ దగ్గర సిమెంటు దిమ్మ మీద కూర్చున్నాను. పదకొండింటికి ఇంటర్వ్యూ. వెళ్లాను. ఏమడిగారో, ఏం చెప్పానో సరిగ్గా గుర్తు లేదు. వాళ్లు తీసుకుంటామనే అన్నారు, కానీ పదిహేను రోజుల్లో చేరాలన్నారు. కనీసం నెల రోజుల ముందు చెప్పకుండా మిల్లు వదలలేనని చెప్పి వచ్చేశాను. పైగా రోజూ అంత దూరం తిరగడం, లేదంటే ఇల్లు మార్చడం, మా ఇంటికి రెండూ కుదిరేవి కావు. వెళ్లకుండా ఉండాల్సిన ఇంటర్వ్యూ అది.

ఆ శనివారం అత్తమ్మను నిజంగానే నక్కలగుట్టలో ఆ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. చెప్పిన అబద్ధాన్ని కొంతైనా నిజం చేసుకుందామని. ఎక్స్‌రే తీశారు, మందులు రాశారు. ఫీజు ఇవ్వబోతే కౌంటర్‌లో అమ్మాయి తీసుకోలేదు. "మీ సార్ గురువారమే ఫోన్ చేసి చెప్పారంట మేడం, మీ దగ్గర తీసుకోవద్దన్నారు." అత్తమ్మ అక్కడే నిలబడి మా సార్‌ని దీవించింది. నేను ఆమె చేయి పట్టుకుని మెట్లు దిగాను. ఆ మెట్ల మీదే నిశ్చయించుకున్నాను, ఇక ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆయనకు అబద్ధం చెప్పకూడదని. చెప్పకుండా ఉండే హక్కు నాకుంది. నా బతుకు నేను చూసుకోవడంలో ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ మనిషి నమ్మి సాయం చేయడానికి వచ్చేలా కథ అల్లే హక్కు నాకు లేదు.

ఆ తర్వాత సెలవు అడిగినప్పుడల్లా ఒకే మాట: "సొంత పని ఉంది సార్." మొదటిసారి ఆయన నా మొహంలోకి చూశారు. ఇంకేమీ చెప్పలేదు నేను. "సరే" అన్నారు. అంత తేలికగా పోయింది. ఈ నాలుగు మాటలు ఆగస్టులోనే అని ఉంటే ఎంత బాగుండేది!

సెప్టెంబర్ అంతా ఆడిట్ పని. అక్టోబర్‌లో బతుకమ్మ, దసరా, ఆ వెంటనే కొత్త పత్తి. వెతకడం ఆపేశాను. నవంబర్ చివర పాత ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. గీసుగొండ, సంగెం మండలాల మధ్య ఉన్న మెగా టెక్స్‌టైల్ పార్కులో ఒక కంపెనీకి అకౌంట్స్ మనిషి కావాలట. 2017లో ఆ పార్కుకు శంకుస్థాపన జరిగినప్పుడు మా మిల్లులో అందరం పేపర్ చదువుకుని, మన పత్తి మన దగ్గరే బట్ట అవుతుందట అని మాట్లాడుకున్నాం. ఇల్లు మారక్కర్లేదు, స్కూటీ మీద వెళ్లి రావచ్చు. మొదటి రౌండ్ రాత్రి ఎనిమిదింటికి వీడియోలో, మా పడగ్గదిలో తలుపు వేసుకుని. రెండోది నేరుగా రావాలన్నారు. డిసెంబర్ 12 అడిగాను. ముందు రోజు జీఎస్టీఆర్-1 వేసేశాను. పూట సెలవు, సొంత పని.

సీజన్ నడుస్తుంటే జిన్నింగ్ మిల్లు ఎలా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు. గాలి నిండా దూది. కనురెప్పల మీద, కీబోర్డ్ సందుల్లో, టీ గ్లాసులో కూడా. ఆ రోజు పొద్దున పదకొండు దాకా మిల్లులో ఉండి అట్నుంచే వెళ్లాలి. మామూలు చుడీదార్‌లో వెళ్లి, బ్యాగులో చీర పెట్టుకున్నాను. ముందు రాత్రి బీరువాలోంచి తీసిన చీర వేరే. నాకున్న వాటిలో బాగుండేది అదే, ముదురు ఆకుపచ్చ. మడత విప్పాక గుర్తొచ్చింది, అది దసరాకి సార్ వాళ్లింట్లో బొట్టు పెట్టి ఇచ్చిన చీర. మళ్లీ మడిచి లోపల పెట్టేసి, ఇంకోటి తీసుకున్నాను. దారిలో మా చిన్నమ్మ వాళ్లింట్లో ఆగి మార్చుకున్నాను. తల దువ్వి, చేతులు దులిపి, అద్దంలో రెండుసార్లు చూసుకున్నాను.

అయినా మిగిలింది. ఇంటర్వ్యూ గదిలో ఇద్దరున్నారు, ఒక మేనేజర్, ఒక పెద్ద మేడం. మేడం నా భుజం వైపు చూసి నవ్వారు. చూసుకుంటే జాకెట్టు కుట్టు దగ్గర చిన్న దూది పింజ. "మిల్లు నుంచి నేరుగా వచ్చారా?" అన్నారు. అవునన్నాను. ఆ పింజ తీసి ఎక్కడ వేయాలో తెలియక చర్చ అయ్యేదాకా గుప్పిట్లోనే పట్టుకున్నాను.

అడిగినవన్నీ నేను రోజూ చేసే పనులే. రైతు దగ్గర పత్తి కొంటే జీఎస్టీ ఎవరు కట్టాలని అడిగారు. రైతు కట్టడు, కొన్న మిల్లే 5 శాతం రివర్స్ చార్జ్ కింద కట్టాలి, 2017 నవంబర్ 15 నుంచి ఆ రూలు వచ్చింది, అది క్రెడిట్‌తో, అంటే కొనుగోళ్ల మీద ముందే కట్టిన పన్నుతో సర్దకూడదు, నగదు ఖాతాలోంచే కట్టి తర్వాత క్రెడిట్ తీసుకోవాలి అని చెప్పాను. 2017 చివర మేమిద్దరం ఈ ముక్క అర్థం చేసుకోవడానికి పడ్డ రాత్రులు నాకు గుర్తొచ్చాయి. చిన్న పరిశ్రమల దగ్గర సరుకు తెచ్చి 45 రోజుల్లో డబ్బు కట్టకపోతే ఆదాయపు పన్ను లెక్కలో ఏమవుతుందని మేడం అడిగారు. ఆ ఏడాది ఖర్చుగా చూపడానికి ఒప్పుకోరు, కట్టిన ఏడాదే చూపుకోవాలి, ఒప్పందం రాసుకోకపోతే గడువు 15 రోజులే అన్నాను. ఆమె తల ఊపి రాసుకున్నారు.

తర్వాత మేనేజర్ మామూలుగా అడిగినట్టు అడిగారు: "మీ మిల్లు ఈ సీజన్‌లో ఎన్ని బేళ్లు చేస్తోంది? క్యాండీ ఏ రేటుకి అమ్ముతున్నారు? ఏ స్పిన్నింగ్ మిల్లుకు పోతుంది?"

క్యాండీ అంటే దూది అమ్మే తూకం. నాకు అన్నీ నోటికొచ్చు. 170 కిలోల బేలు ఎన్ని కట్టామో, ఏ రోజు ఏ రేటు పలికిందో, ఎవరు బాకీ ఉన్నారో అన్నీ. "సార్, అవి మా మిల్లు విషయాలు, నేను చెప్పలేను. రేపు మీ దగ్గర చేరితే మీ లెక్కలు కూడా ఇలాగే బయట చెప్పను" అన్నాను. గదిలో కాసేపు మాటల్లేవు. చెడిపోయిందేమో అనుకున్నాను. ఆ మాట దగ్గరే మీ పేరు ఖాయం చేసుకున్నామని మేడం తర్వాత చెప్పారు. అప్పటికి మాత్రం నాకు తెలియదు, నా మనసు ఎలా చెప్పమంటే అలా చెప్పాను.

బయటికొచ్చి గేటు దగ్గర స్కూటీ తీస్తుంటే "మేడం!" అని పిలుపు. మా మిల్లు నుంచి బేళ్లు తీసుకెళ్లే లారీ డ్రైవర్. వారానికి రెండుసార్లు మా కాంటా దగ్గర కనపడే మనిషి. "మీరీడ ఏంది మేడం? సార్ పంపిండా?"

అవునంటే సరిపోయేది. ఒక్క మాట. నోటి దాకా వచ్చింది కూడా. నక్కలగుట్ట మెట్లు గుర్తొచ్చి ఆగాను. "లేదన్నా, నా సొంత పని మీద వచ్చిన. ఈ ముచ్చట సార్‌కు నేనే చెప్తా, నువ్వు మాత్రం చెప్పకు." ఆయన ఒక్క క్షణం చీరనీ ఫైలునీ చూసి, అంతా అర్థమైనట్టు తల ఊపాడు. "నేను మిమ్మల్ని చూడలే మేడం" అని వెళ్లి లారీ ఎక్కాడు. ఆయన ఎక్కడా అనలేదు. ఆ మేలు నేను మరిచిపోను.

జనవరి మొదటి వారంలో ఫోన్ వచ్చింది. జీతం 34,000. పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోను చేతికి 32,000. ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా. కానీ ఒక మెలిక: మూడు నెలల పేస్లిప్‌లు, ఇప్పుడున్న జీతానికి మిల్లు నుంచి సర్టిఫికెట్ పంపమన్నారు. మా మిల్లులో పేస్లిప్ అన్నదే లేదు. బ్యాంకులో పడేది 16,000. నేను చెప్పింది 26,000.

ఇక్కడొక విషయం దాచకుండా చెప్పాలి. మిల్లు లెటర్‌హెడ్ కట్ట నా టేబుల్ మీదే ఉంటుంది. గుండ్రటి రబ్బరు స్టాంపు నా సొరుగులోనే, ఊదారంగు ఇంకు ప్యాడ్ పక్కన. బ్యాంకుకు వెళ్లే లెటర్లన్నీ టైపు చేసేది నేనే, స్టాంపు వేసేది నేనే, సార్ సంతకం మాత్రం పెడతారు. ఒక సర్టిఫికెట్ తయారు చేయడం నాకు రెండు నిమిషాల పని. అందులో రాసేది అబద్ధం కూడా కాదు, నా జీతం నిజంగా 26,000. ఆ మధ్యాహ్నం సార్ భోజనానికి వెళ్లారు. సొరుగు తెరిచాను. స్టాంపు చేతిలోకి తీసుకున్నాను కూడా. దాని పిడి తొమ్మిదేళ్లుగా నా బొటనవేలు పట్టిన చోట నున్నగా అరిగిపోయి ఉంది. ఆయన నాకు అప్పగించిన వస్తువు అది. లోపల పెట్టి సొరుగు మూసేశాను.

రాత్రి కంపెనీ హెచ్ఆర్ అమ్మాయికి ఉన్నదున్నట్టు రాశాను: బ్యాంకు స్టేట్‌మెంట్ ఏడాదిది పంపుతున్నాను, అందులో 16,000 కనపడుతుంది, మిగతా 10,000 చేతికి ఇస్తారు, దానికి కాగితం లేదు, మీరు 16,000 లెక్కనే చూసి జీతం తగ్గించినా చెప్పండి, ఆలోచించుకుంటాను, ఆఫర్ లెటర్ ఇచ్చాక యజమానికి నేనే చెప్పి రిలీవింగ్ లెటర్ తెస్తాను. రెండు రోజులు జవాబు లేదు. ఆ రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు ఆఫర్ లెటర్ మెయిల్‌కి వచ్చింది, అదే 34,000తో, మార్చి 3న చేరాలని. లెటర్ చేతికి వచ్చేదాకా ఇంకెవరికీ ఒక్క మాట చెప్పకపోవడం నేను చేసిన మంచి పని. నోటి మాట నమ్మి ఉన్నది వదులుకున్నవాళ్లను ఇద్దరిని మా బంధువుల్లోనే చూశాను.

జనవరి 20న 3బి వేసేశాను. ఆ సాయంత్రం అందరూ వెళ్లాక సార్ దగ్గర నిలబడ్డాను.

"సార్, మీకొక మాట చెప్పాలి. నాకు వేరే చోట ఉద్యోగం వచ్చింది. ఫిబ్రవరి నెలాఖరు దాకా ఉంటాను."

ఆయన కళ్లజోడు తీశారు. చాలాసేపు మాట్లాడలేదు. "ఎంత ఇస్తున్నరు?" అన్నారు. చెప్పాను. "నేను ఇంకో ఐదువేలు పెంచుత" అన్నారు. "డబ్బు ఒక్కటే అయితే మిమ్మల్నే అడిగేదాన్ని సార్" అని, ఆ ఆదివారం వేసిన లెక్క కాగితం ముందు పెట్టాను. 108 నెలలు, 3,88,800. ఆయన వేలు పెట్టి ఒక్కో వరుస చూశారు.

"కొత్తగ వచ్చేటోళ్లు కూడ ఇదే అడుగుతరా?"

"అడుగుతారు సార్."

ఇంకో మాట మిగిలింది నాకు. చెప్పకుండా వెళ్లిపోవచ్చు, ఆయనకు ఎప్పటికీ తెలియదు. "ఆగస్టుల అత్తమ్మను హాస్పిటల్‌కు తీసుకపోతున్న అని చెప్పిన చూడండి సార్, ఆ రోజు అబద్ధం చెప్పిన. హైదరాబాద్‌ల ఇంటర్వ్యూకు పోయిన." గొంతు పట్టేసింది. ఆయన నా వైపు చూడలేదు, కిటికీలోంచి కుప్ప పోసిన పత్తిని చూస్తున్నారు. కాసేపటికి అన్నారు: "మరి మోకాలు తగ్గిందా పెద్దామెకు?"

తగ్గింది సార్ అన్నాను.

ఫిబ్రవరి నెలంతా అప్పగింతలే. ఒక పెద్ద నోట్‌బుక్ కొని అన్నీ రాశాను: ఏ తేదీకి ఏం వేయాలి, జీఎస్టీ, ఈ-వే బిల్లు, ఆదాయపు పన్ను, టీడీఎస్ లాగిన్‌లు ఏవి ఎక్కడ, ఏ ఆసామికి ఎంత బాకీ, ఏ ఫైలు ఏ అరలో. కొత్తగా వచ్చిన అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక నెల రిటర్నులు వాడి చేతే వేయించాను. ఇరవై మంది లోపు ఉన్నా యజమాని, ఉద్యోగుల్లో ఎక్కువ మంది ఒప్పుకుంటే పీఎఫ్‌లో చేరవచ్చు. మిగిలిన పది మందికి నెలకు ఎంత పడుతుందో వేసి, ఆ కాగితం కూడా సార్ ట్రేలో పెట్టాను. చేరారో లేదో ఇప్పటిదాకా నాకు కబురు లేదు. గుమస్తా పెద్దాయన కనపడినప్పుడల్లా అడుగుతాను, "కాగితం టేబుల్ మీదనే ఉంది బిడ్డా, తీసెయ్యలే" అంటాడు.

ఒక్కటి మాత్రం మార్చకుండా మిగిలింది. జీఎస్టీ రిటర్ను వేసేటప్పుడు ఓటీపీ వచ్చే నంబర్ నాది. మారుద్దామంటే సార్ "ఉండనీయమ్మా, ఒకటి రెండు నెలలు" అన్నారు. అలా ఉంచకూడదని చెప్పాను, వినలేదు.

మార్చి 20న కొత్త ఆఫీసులో నేను మా మేనేజర్‌తో మాట్లాడుతుండగా ఫోన్ మోగింది. టేబుల్ మీద వెల్లకిలానే పెట్టుకున్నాను, స్క్రీన్ మీద సార్ పేరు. మేనేజర్ కూడా చూశారు. "మా పాత సార్. మిల్లు రిటర్ను వేస్తున్నారు, ఓటీపీ నా ఫోన్‌కి వస్తుంది, చెప్పి వస్తాను. వచ్చే నెల నంబర్ మార్పించేస్తాను" అన్నాను. వెళ్లి రమ్మన్నారు. వరండాలోకి వెళ్లాను. అవతల జిన్నుల చప్పుడు, దాని మీదుగా సార్ గొంతు.

"వచ్చిందా అమ్మా?"

"వచ్చింది సార్, రాసుకోండి."

ఆరు అంకెలు ఒక్కోటి చెప్పాను. ఆయన ఒక్కోటి తిరిగి చదివారు.